బాణం చివరి ఇల్లు

మా తమ్ముడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏదో మధ్యాహ్నం కునుకనుకునేరు. వానలు మొదలవకముందు పడుకున్నవాడు, వానలు వెలిసి గోడలన్నీ ఆరిపోయినా అటే తిరిగి ఉన్నాడు. తినమంటే లేచి తింటాడు, స్నానం చెయ్యమంటే చేస్తాడు, మళ్ళీ వెళ్ళి అదే గోడకు ముఖం అప్పగిస్తాడు. మాటా లేదు, పలుకూ లేదు. డాక్టరొచ్చి నాలుక చాపమన్నాడు, గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు, చివరికి వీడికి ఏమీ లేదని తేల్చి సంచి సర్దుకున్నాడు. ఏమీ లేదనే కదండీ వాడు పడుకుంది అని నోటిదాకా వచ్చింది గానీ, పెద్దమనిషి కదా అని ఊరుకున్నాను.

నేను టైలర్ని. మా సందులో ఆఖరి ఇల్లు మాది, ఆ తర్వాత సందు లేదు. ముందుగది నా కొట్టు. అందులో ఒక మిషను, ఒక నిలువుటద్దం, కొలతలకొచ్చిన వాళ్ళు కూర్చోవడానికి ఒక బల్ల ఉంటాయి. వెనకగదిలో తమ్ముడి మంచం, మంచానికి కాళ్ళవైపు చువ్వలు ఊడిపోయిన కిటికీ. నా కుట్టు ఊడిందని ఇంతవరకు ఒక్కరూ వెనక్కి రాలేదు. నా మీద ఉన్న ఫిర్యాదల్లా ఒకటే, ఎప్పుడొచ్చినా "రేపు రండి" అంటానని. నిజమే, అంటాను. బట్ట కుట్టేసి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఉంచుకుని కూడా అంటాను. అడిగిన రోజే చేతిలో పెడితే ఈవిడకు పనేమీ లేదు కాబోలు అనుకుంటారు. ఏ టైలర్నైనా అడగండి, పైకి ఒప్పుకోరు గానీ లోపల ఇదే.

తమ్ముడు గోడల మీద అక్షరాలు రాసే పెయింటరు. పెళ్ళీ పెటాకులూ లేవు, కుంచెలే వాడి లోకం. ఊళ్ళో సగం గోడలు వాడివే. "వాహనములు నిలుపరాదు", "ఇచ్చట సైకిళ్ళు బాగుచేయబడును", "కుక్క ఉన్నది జాగ్రత్త". వాడు రాసిన "కుక్క ఉన్నది" ఎంత నిండుగా ఉంటుందంటే, ఊరికే రాయించుకున్న ఒక ఇంటివాళ్ళు తర్వాత సిగ్గుపడి నిజంగానే కుక్కను తెచ్చుకున్నారు. నన్ను ఏడిపించడం వాడికి సరదా. సందు మూల నాకూ ఒక బోర్డు రాసిపెట్టరా, బస్సు దిగినవాళ్ళకు ఈ కొట్టున్నట్టే తెలియదు అని నేను బతిమాలినప్పుడల్లా, అచ్చం నా గొంతు పెట్టి "రేపు రండి" అనేవాడు.

అలాంటివాడు ఇలా అయిపోవడానికి ఒక గోడ కారణం. మా ఇంటి వెనక ముళ్ళతుప్పలు పెరిగిన ఖాళీ జాగా, దాని అవతల గోదాములు ఉన్నాయి. ఆ గోదాముల యజమాని తన పొడుగాటి ప్రహరీకి కొత్తగా తెల్ల సున్నం కొట్టించి, మా తమ్ముణ్ణి పిలిచి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మనిషెత్తు అక్షరాలతో "ఈ గోడపై ఏమియు వ్రాయరాదు" అని రాయమన్నాడు. వీడు రాశాడు. నిచ్చెన దిగి, దూరంగా వెళ్ళి, తన రాత తాను చూసుకున్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు.

"అక్కా, నేను రాయకపోతే ఆ గోడ ఖాళీగా ఉండేది కదా," అన్నాడు.

"ఉండేది."

"ఖాళీగా ఉండాలనే కదా నన్ను పిలిచారు."

"పిలిచారు, రాశావు. లేచి చేతులు కడుక్కునిరా, చల్లారిపోతుంది."

"అంతేనా?"

ఆ మాటను నేను పట్టించుకోలేదు. రంగు వాసనకు తల తిరుగుతోంది కాబోలు అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే, నేను అడగకుండానే, నిచ్చెన భుజాన వేసుకుని సందు మూలకు వెళ్ళాడు. నా సంతోషం చెప్పనలవి కాదు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. లోకంలో పెయింటర్లందరూ ముందు అక్షరాలు రాసి, చివర్లో మిగిలిన చోట బాణం గుర్తు ఇరికిస్తారు. మా నాన్న మాత్రం ముందు బాణమే వేసేవాడు. బాణం ఎంత చోటు తీసుకుంటుందో చూసుకుని, మిగతా చోటులో అక్షరాలు సర్దేవాడు. చెయ్యి అలిసిపోకముందే బాణం పడితే అది తిన్నగా ఉంటుందని ఆయన నమ్మకం. తమ్ముడిదీ అదే పద్ధతి. వాడు ఇంకే పెయింటరు కొడుకైనా ఈ గొడవంతా జరిగేది కాదు.

మధ్యాహ్నం మంచినీళ్ళు పట్టుకెళ్ళేసరికి బాణం పూర్తయింది. ఎర్రటి బాణం, చుట్టూ పసుపు అంచు, కింద సన్నటి నీడ. గోడ మీంచి లేచి మా సందులోకి దూసుకెళ్తున్నట్టే ఉంది. వాడి చేతిలోంచి అంత చక్కటి పని రావడం నేనెప్పుడూ చూడలేదు. వాడేమో నిచ్చెన మీద కూర్చుని కుంచె వంక చూస్తున్నాడు.

"ఏం రాయాలి?" అన్నాడు.

"భలేవాడివే. టైలరు అని రాయి."

బాణాన్ని చూశాడు, సందును చూశాడు, సందు చివర మా తలుపును చూశాడు.

"అంతేనా?" అన్నాడు మళ్ళీ. నిచ్చెన దిగి, కుంచె డబ్బాలో పడేసి, ఇంటికెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిచ్చెన నేనే మోసుకొచ్చాను, సందులో వాళ్ళంతా చూస్తుండగా.

రెండుమూడు రోజుల్లో గొడుగాయన వచ్చాడు. ఎండా లేదు, వానా లేదు, చేతిలో మాత్రం మడిచిన గొడుగు. రిటైరైన మనిషిలా ఉన్నాడు. గడపలో నిలబడి లోపలికి తొంగిచూశాడు.

"బాణం చూసి వచ్చానమ్మా."

ప్రాణం లేచివచ్చింది నాకు. "రండి రండి. ఏం కుట్టాలి?"

"కుట్టడమేంటి? ఇక్కడేముంది?"

"టైలరింగండీ."

మిషను చూశాడు, అద్దం చూశాడు, తగిలించిన కోట్లు చూశాడు. ముఖం వాడిపోయింది. "అంతేనా?"

"అంతే."

"మరి అంత బాణం?"

"మీ ప్యాంటు అంచు ఊడిపోయి నేలను ఊడుస్తోంది. కూర్చోండి, చిటికెలో కుట్టిపెడతాను."

అంచు వంక చూసుకుని, తనను నేనేదో చిన్నచూపు చూసినట్టు గొడుగు సర్దుకున్నాడు. "నేను అందుకు రాలేదమ్మా," అన్నాడు. కానీ వెళ్ళలేదు. బల్ల మీద కూర్చుని, కాసేపు చూస్తానన్నాడు. చీకటి పడేదాకా చూశాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు, ఊడిన అంచుతోనే.

ఆయన వెనకాల మిగతావాళ్ళు. ఆస్పత్రిలో డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడ్డ నర్సమ్మ ఒకావిడ వచ్చింది. "ఇంటికెళ్తే అవే గిన్నెలు, అదే వంట కదా, బాణం ఎటు పోతుందో చూసిపోదామని," అంది. విడాకుల లాయరు దగ్గరికి బయల్దేరిన మొగుడూపెళ్ళాం దారి తప్పి వచ్చి, బాణం ముందు ఎవరికి కనబడిందన్న దాని మీద నా కొట్టులోనే పోట్లాడుకున్నారు. ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న, ఇక్కడేముంది. ఒకటే జవాబు, టైలరింగు. వెంటనే అందరి నోటా ఒకటే మాట, అంతేనా. వినీ వినీ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనిని పట్టుకుని ఊరంతా వరసగా వచ్చి "అంతేనా" అంటుంటే మీకైనా ఒళ్ళు మండదా చెప్పండి.

అక్షరాలు నేనే రాసేద్దామని, బట్టల మీద గీసే సుద్ద పట్టుకెళ్ళి బాణం కింద "టైలరు" అని రాశాను. నా రాత గురించి చెప్పుకోకపోవడం మంచిది. సాయంత్రం గొడుగాయన ఎంతో బాధ్యతగా వచ్చి చెప్పాడు.

"ఎవరో ఆకతాయి వెధవ బాణం కింద పిచ్చిగీతలు గీశాడమ్మా. తడిగుడ్డ పెట్టి తుడిచేశాను."

"చాలా మంచి పని చేశారు," అన్నాను పళ్ళు కొరుక్కుంటూ.

సున్నం కలుపుకుని, ఆ బాణమే లేకుండా చేద్దామని కూడా ఒకరోజు వెళ్ళాను. కుంచె ముంచి, చెయ్యెత్తి, అలాగే నిలబడిపోయాను. నీడ గీతలో ఎక్కడా చెయ్యి వణకలేదు. ఇదే వాడి చివరి పనైతే? ఆ ఆలోచన రాగానే కుంచె మళ్ళీ సున్నంలో పడేశాను. బక్కెట్టు పట్టుకుని వెనక్కొచ్చాను. వచ్చి వాడి మంచం దగ్గర నిలబడి, "ఒరేయ్, లేచి ఒక్క మాట రాయరా. నీకు పుణ్యముంటుంది," అన్నాను. వాడు గోడవైపే ఉన్నాడు. వాడి మెడ సన్నబడిపోయింది. వాడు ఇలాగే ఆరిపోతాడని నాకు భయం వేసింది.

ఈలోగా ఒకరోజు, గొడుగాయన, నర్సమ్మ, ఆ విడాకుల జంట మళ్ళీ వచ్చి కూర్చుని ఉండగా, మునిసిపాలిటీ ఆయన వచ్చాడు. బాణం మీద ఫిర్యాదు వచ్చిందట. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తను నిలబడి మాట్లాడాడు.

"ప్రకటన అయితే మా అనుమతి ఉండాలమ్మా."

"లేదండి."

"కానీ ఇది ఏమీ చెప్పడం లేదు కాబట్టి ప్రకటన కాదు. పోనీ దారి చూపే గుర్తా అంటే, అది మేమే వెయ్యాలి. మేం వెయ్యలేదు. అంటే గుర్తూ కాదు."

"అయితే లేనట్టే కదండీ. ఇంక గొడవేముంది?"

ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "ఇంతకీ ఇక్కడేముందమ్మా?"

నేను కత్తెర బల్ల మీద పెట్టేశాను. చేతిలో ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

అప్పుడు గొడుగాయన లేచాడు. బుర్రలో ఏదో వెలిగిందన్న ముఖం పెట్టి, బాణం ఇంటిని చూపిస్తోందని మనం ఎందుకనుకోవాలి అన్నాడు. దారిలో ఇల్లు అడ్డం వచ్చి ఉండవచ్చు కదా అన్నాడు. నన్నడక్కుండానే నా అల్మారాలోంచి ఒక పెద్ద దారపుబంతి తీసుకుని, నర్సమ్మను ఒక కొస పట్టుకోమన్నాడు. బాణం మొన దగ్గర్నుంచి లాగిన దారం సందంతా నడిచి, మా గడప దాటి, అద్దానికీ మిషనుకీ మధ్యగా వెనకగదిలోకి వెళ్ళి, తమ్ముడి కాళ్ళ మీదుగా కిటికీలోంచి బయటికి పోయింది. అందరూ ఆ కిటికీ వంక చూశారు.

"అవతల," అన్నాడు గొడుగాయన. విడాకుల మొగుడు తల ఊపాడు. నర్సమ్మ చెప్పులు విప్పింది.

"ఇది ఇల్లా, బస్టాండా?" అన్నాను నేను.

"ఒక్కసారమ్మా. చూసి వచ్చేస్తాం," అంది నర్సమ్మ. తర్వాత తమ్ముడి వైపు వంగి, ఆస్పత్రిలో రోగులతో మాట్లాడే గొంతుతో, "బాబూ, కాస్త కాళ్ళు," అంది.

వాడు కాళ్ళు ముడుచుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరు మంచమెక్కి, తల వంచి, కిటికీలోంచి అవతలికి దిగారు. మునిసిపాలిటీ ఆయన కాగితాలు నాకిచ్చి మరీ దిగాడు. వాడు గోడవైపే ఉన్నాడు, ముడుచుకున్న కాళ్ళతో. నవ్వాలో ఏడవాలో తెలియక నేను మిషను దగ్గరికొచ్చి, సగం కుట్టిన చొక్కాకు చేతులు తిరగేసి వేశాను.

వాళ్ళు చుట్టూ తిరిగి మళ్ళీ సందులోంచే వచ్చారు. బట్టలనిండా ముళ్ళు, పల్లేరుకాయలు. మునిసిపాలిటీ ఆయన ఏమీ లేదని చెప్పి, ఎందుకైనా మంచిదని రేపు ఇంకోసారి చూస్తానన్నాడు. నర్సమ్మ మాత్రం మాట్లాడలేకపోతోంది. గుమ్మం పట్టుకుని వంగిపోయి నవ్వుతోంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఏమైంది?" అన్నాను.

"అవతల... ఒక గోడుందమ్మా. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా... ఏమీ రాయకూడదని... రాసి ఉంది." మళ్ళీ నవ్వు. "పొద్దున్నుంచి వార్డులో ఒక్కరు నవ్వలేదు. అబ్బ, నా కడుపు. ఏం రాశాడమ్మా, ఎవరోగానీ. ఎంత బాగా రాశాడు."

"నేనే," అని వినబడింది వెనకగదిలోంచి.

ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. బొంగురుగా, తుప్పుపట్టినట్టు ఉంది. నా చేతిలో సూది ఎటు పోయిందో, తర్వాత పాదంలో గుచ్చుకుంటే తెలిసింది.

నర్సమ్మ వెనకగది గుమ్మంలోకి వెళ్ళింది. "మీరా రాసింది?"

"ఊ."

"నవ్వు రాలేదూ, రాస్తుంటే?"

"రాలేదండీ. నవ్వు వస్తుందని తట్టలేదు," అన్నాడు గోడతో.

ఆ రోజు నుంచి మా ఇల్లు దారి అయిపోయింది. వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు, ఇక్కడేముంది అంటారు, అంతేనా అంటారు, చెప్పులు విప్పి చేత పట్టుకుని మంచమెక్కుతారు. అవతల గోడ చదివి కొందరు నవ్వుకుంటూ వచ్చేవారు, కొందరు మోసపోయినట్టు వచ్చేవారు, గొడుగాయన మాత్రం ఎప్పుడూ ఇంకా ఏదో ఉందన్న ముఖంతోనే వచ్చేవాడు. నేను తిట్టని తిట్టు లేదు. అయినా ఎవర్నీ ఆపలేదు, ఎందుకంటే తమ్ముడు కదలడం మొదలుపెట్టాడు. ముందు కాళ్ళు చెప్పకుండానే ముడిచేవాడు. తర్వాత ఎవరికో కిటికీ చట్రం తగలబోతే, "తల చూసుకోండి," అన్నాడు. కొన్నాళ్ళకు మంచం మీద లేచి కూర్చుని, ముసలివాళ్ళకు చెయ్యి అందించేవాడు. ఒకరోజు వాళ్ళ చొక్కాలకు పట్టిన ముళ్ళు ఏరుతూ కనబడ్డాడు. నేను తలుపు చాటుకెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ బయటికొచ్చి, నా ఇల్లు తొక్కి తొక్కి గుంటలు చేస్తున్నారని అందర్నీ కలిపి తిట్టాను.

సరిగ్గా అప్పుడే మునిసిపాలిటీ వాళ్ళకు పై ఆఫీసు నుంచి ఉత్తరువు వచ్చింది. బాణం మీద సున్నం కొట్టేశారు. మన మునిసిపాలిటీ ఆయన తనే వచ్చి చెప్పాడు, ముఖం చూపించలేక.

"నేను చెప్పి చూశానమ్మా. లేనిదాన్ని చెరిపెయ్యడం ఎలాగండీ అని. వినలేదు."

అంతే, ఎవరూ రాలేదు. గొడుగాయన కూడా రాలేదు. చూపించేది లేకపోతే రావడానికి ఆయనకు కారణమేముంది? బల్ల ఖాళీ, సందు ఖాళీ. తమ్ముడు మంచం మీద కాళ్ళు ముడుచుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఇవాళ ఎవరూ రాలేదేం అక్కా?"

అబద్ధం చెబుదామా అనుకున్నాను. నాకు చేతకాలేదు. "నీ బాణం మీద సున్నం కొట్టేశార్రా," అన్నాను.

వాడు తల ఊపాడు. కాళ్ళు చాపుకున్నాడు. మెల్లిగా, నేను చూస్తుండగానే, మళ్ళీ గోడవైపు తిరిగాడు.

నాలో ఏదో తెగింది. ఇన్నాళ్ళూ గట్టిగా మాట్లాడితే ఏమైపోతాడోనని, గాజుబొమ్మలా చూసుకున్నాను. ఇంక నావల్ల కాలేదు.

"తిరుగు. తిరిగి పడుకో. నీకొక్కడికే తెలిసిందనుకుంటున్నావా, ఏమీ లేదని? నేను పొద్దున్నే లేచి కాజాలు కుడతాను. ఆ కాజాల్లో బొత్తాలు పెట్టుకుంటారు, బొత్తాలు ఊడతాయి, మళ్ళీ నా దగ్గరికే తెస్తారు. నాకు మాత్రం తట్టదనుకున్నావా, ఎందుకిదంతా అని? తడుతుందిరా. దారం ఎక్కిస్తుంటే తడుతుంది. దారం ఎక్కగానే కుడతాను. ఇంకేం చెయ్యను? టైలరు అని రాయమంటే అంతేనా అన్నావు. ఊరంతా వచ్చి అంతేనా అన్నారు, పడ్డాను. పరాయివాళ్ళు, వాళ్ళకేం తెలుసు? నువ్వు అనొచ్చట్రా? ఆ అంతేలో నేను కూడా ఉన్నాను కదరా."

వాడి వీపు కదల్లేదు. నేను దీపం తీసేసి ముందుగదిలో నేల మీద పడుకున్నాను. మిషను కింద పడ్డ గుడ్డపేలికలు చెంపకు గుచ్చుకుంటుంటే అలాగే ఏడ్చాను.

తెల్లారి లేచేసరికి మంచం ఖాళీగా ఉంది. కిటికీ బార్లా తెరిచి ఉంది. కిటికీలోంచి వంగి చూశాను, తుప్పల్లో ఎవరూ లేరు. పేరు పెట్టి పిలిచాను. పెరట్లోకి పరిగెత్తాను, అక్కడ నీళ్ళ తొట్టి పక్కన గోడకు ఆనించి ఉండాల్సిన నిచ్చెన లేదు. రంగు డబ్బాలు పెట్టే చెక్కపెట్టె మూత తెరిచి ఉంది. నేను ఆ పెట్టె పక్కనే చతికిలబడి, ఊపిరి కుదురుకునేదాకా మూత పట్టుకుని కూర్చున్నాను.

తర్వాత సందు మూలకు వెళ్ళి చూడొచ్చు. వెళ్ళలేదు. వెళ్తే వాడు నిచ్చెన దిగిపోతాడేమోనని భయం. వంట చేశాను. వచ్చి మిషను ముందు కూర్చున్నాను. సూదిలో దారం ఎక్కిద్దామంటే ఎంతకీ ఎక్కదు. దారాన్ని తడిపి, పురిపెట్టి, మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ, చెవులు మాత్రం సందులోనే పెట్టాను.

చాలాసేపటికి అడుగుల చప్పుడు వినబడింది. తొందర లేదు, దారి కొత్తయినట్టు ఆగి ఆగి వస్తున్నాయి. గడప ముందు ఆగాయి. తలెత్తాను.

తమ్ముడు గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. మోచేతులదాకా ఎర్రరంగు, చెవి మీద పసుపు చుక్క. ప్యాంటు జారిపోకుండా ఒక చేత్తో నడుం దగ్గర పిడికిలి బిగించి పట్టుకున్నాడు. ఎప్పుడూ లోపలికి దూసుకొచ్చేవాడు, కొత్తవాడిలా చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

"బాణం చూసి వచ్చానండీ. ఇక్కడేముంది?" అన్నాడు.

ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా ఉండటానికి నేను పడ్డ పాట్లు దేవుడికెరుక.

"టైలరింగండీ," అన్నాను.

వాడు మిషను చూశాడు. అద్దం చూశాడు. బల్ల చూశాడు. చివరికి నన్ను చూశాడు, అన్నిటికన్నా ఎక్కువసేపు.

"అంతేనా?"

"అంతే."

"సరే," అన్నాడు. లోపలికొచ్చి అద్దం ముందు నిలబడ్డాడు. "ప్యాంటు బాగా వదులైపోయిందండీ. నడుం దగ్గర కాస్త బిగించిపెడతారా?"

టేపు తీసి లేచాను. అంత కాలంలో ఆ బాణం పట్టుకుని ఎందరో వచ్చారు గానీ, ఏదైనా కుట్టమని అడిగినవాడు వీడొక్కడే. టేపు వాడి నడుం చుట్టూ తిప్పితే, పాతకొలత దగ్గరికి రావడానికి ఇంకా చాలా ఉంది. ఊపిరికి చోటుండాలని ఎప్పుడూ చేసేట్టే టేపు కింద నా వేలొకటి పెట్టాను. ఆ వేలికి వాడి పొట్ట లోపలికీ బయటికీ ఆడటం తగిలింది. అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపే అలా పెట్టి ఉంచాను.

"ఎప్పుడిస్తారు?" అన్నాడు అద్దంలోంచి నన్ను చూస్తూ.

పదినిమిషాల పని. మిషను ఎదురుగా ఉంది, చేతిలో వేరే పనేమీ లేదు.

"రేపు రండి," అన్నాను.

వాడి పెదవుల చివరలు చిన్నగా కదిలాయి. "రేపొస్తాను," అన్నాడు. ప్యాంటు అలాగే పిడికిలితో పట్టుకుని వెనక్కి వెళ్ళి, చేతులు కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాడు.